వంపు దగ్గర ఆరో బోరు

శవం ఎవరిదన్న విషయంలో ఎవరికీ అనుమానం లేదు. ఇంజనీర్ బల్తసార్ ట్రెవిన్యోను నదికి రెండు వైపులా చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. శవం ఏ దేశానిదన్న దగ్గరే పేచీ వచ్చింది.

ఇన్‌స్పెక్టర్ ఒఫీలియా కాంటూ పడవ దిగి ఇసుక మేట మీద కాలు పెట్టేసరికి, టెక్సస్ వైపు నుంచి వచ్చిన మనుషులు శవానికి దుప్పటి కప్పేసి స్ట్రెచర్ దించుతున్నారు. వాళ్లకి ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు డిటెక్టివ్ రే హోల్కోంబ్. అవతలి ఒడ్డున షెరీఫ్ ఆఫీసులో పాతుకుపోయిన మనిషి. ఈ నదిలో తేలిన శవాల దగ్గర ఒఫీలియా, అతనూ చాలాసార్లు ఎదురుపడ్డారు. ఒక్కసారీ మాట కుదరలేదు.

"ఆలస్యం చేశారు, ఇన్‌స్పెక్టర్. సరిహద్దు గీత ఈ మేటకి దక్షిణంగా పోతోంది. మీరిప్పుడు నిలబడ్డది మా దేశంలో."

"పోయిన వేసవిలో ఇదే మేట మా వైపుంది."

"పోయిన వేసవిలో తేలినవాణ్ణి మీరే పట్టుకుపోయారు. నేనేమైనా అడ్డం వచ్చానా?"

ఒఫీలియా వంగి దుప్పటి తీసింది. బల్తసార్ కళ్లు సగం తెరుచుకుని ఉన్నాయి. తల వెనక పుర్రె లోపలికి నొక్కుకుపోయింది. దెబ్బ ఒక్కటే, గట్టిగా పడింది. కుడిచేతి గోళ్ల సందుల్లో ఏదో రంగు పెచ్చులు ఇరుక్కుని ఉన్నాయి. ముదురాకుపచ్చ రంగు. నదిలో గానీ, బోరు సామాన్ల మీద గానీ ఆ రంగు వస్తువు ఏదీ లేదు.

హోల్కోంబ్ లెక్కలో కేసు అప్పుడే తేలిపోయింది. వంతెన కోసం అడుగు నేలని పరీక్షించడానికి నది మధ్యలో లంగరేసిన బోరు తెప్ప మీద ఇంజనీరు కాలు జారాడు, ఇనుప కమ్మీకి తల కొట్టుకుంది, నీళ్లలో పడ్డాడు, ప్రవాహం ఇక్కడికి తెచ్చి వదిలింది. ఇంతే. శుక్రవారం రెండు దేశాల వాళ్లూ కొత్త వంతెన ఒప్పందం మీద సంతకాలు పెట్టబోతున్నారు. మూడేళ్లు కూర్చుని తేల్చిన ప్లాను. ఉమ్మడి కమిటీలో తమ వైపు అధ్యక్షుడు క్లిఫ్టన్ మెరిడిత్ తెల్లారకముందే తనకి ఫోన్ చేసి, ఈ ప్రమాదం వల్ల పని ఆగకూడదని మరీ మరీ చెప్పాడట.

ఒఫీలియా తల తిప్పి తెప్ప వైపు చూసింది. నది వంపు తిరిగే చోట, నీళ్ల మధ్య అది కదలకుండా నిలబడి ఉంది. దాని మీదికి వెళ్లడానికీ రావడానికీ ఉన్నది ఒక్కటే చిన్న పడవ. ఆ పడవ ఉత్తరపు ఒడ్డున ఒక గుంజకి కట్టి ఉంది.

"బల్తసార్ బస మా ఊళ్లో. పడవ రోజూ మా ఒడ్డునే కట్టేవాడు," అంది. "తెప్ప మీంచి జారి నీళ్లలో పడినవాడు, పడవని మీ ఒడ్డుకి చేర్చి, తాడు ముడేసి, ఆ తర్వాత చచ్చాడంటారా?"

హోల్కోంబ్ ఆ గుంజ వైపు కాసేపు చూశాడు. ఆ సంగతి అతని కంటపడలేదని ఆమెకి అర్థమైంది. అతని మొహంలో రంగు మారింది గానీ మాట మారలేదు.

"నేను దాన్ని రిపోర్టులో రాస్తాను. శవం మాత్రం మాతోనే వస్తుంది."

"శవాన్ని తీసుకెళ్లండి. తెప్ప మా సగంలో ఉంది. అది నాది."

అతను ఒక్క క్షణం తటపటాయించి, తనూ వస్తానన్నాడు. వద్దనడానికి ఆమెకి కారణం దొరకలేదు.

తెప్ప మీద అంతా శుభ్రంగా ఉంది. అవసరానికి మించిన శుభ్రం. ఎవరో బకెట్‌తో నీళ్లు పోసి చెక్కలన్నీ కడిగారు. కానీ చెక్కల సందుల్లోకి దిగిన నెత్తురు కడిగితే పోదు. కమ్మీ దగ్గర కాదు, మధ్యలో, బోరు గొట్టం పక్కన మోకాళ్ల మీద కూర్చుంటే తల ఉండే చోట నల్లగా గడ్డకట్టి ఉంది. బల్తసార్ వంగి ఏదో చూస్తున్నప్పుడు వెనకనుంచి కొట్టారు. తర్వాత శవాన్ని పడవలో వేసుకుని ఉత్తరానికి తీసుకెళ్లారు. ఎందుకు? దక్షిణపు ఒడ్డున దొరికితే కేసు ఒఫీలియా చేతికి వస్తుంది కాబట్టి.

ఆ మాట ఆమె పైకి అనలేదు. అనే వీలు కూడా లేకపోయింది. ఎందుకంటే అప్పుడే ఆ చప్పుడు వినిపించింది.

గాలి లేదు. నీళ్లు నూనెలా కదులుతున్నాయి. కింద ఎక్కడో, తెప్పకి తగులుతున్నట్టు కాదు, ఇంకా లోతుగా, తడిసిన చెక్కమీద ఎవరో అరచేత్తో చరిచినట్టు మూడు నాలుగు దెబ్బలు. ఆగిపోయింది. మళ్లీ ఒకటి.

"కొట్టుకొచ్చిన దుంగ," అన్నాడు హోల్కోంబ్. అంటూనే కమ్మీని పట్టుకున్నాడు.

ఒఫీలియా ఊరు పాసో ఓందోలో ఎవరూ ఈ వంపు దగ్గరికి మేకల్ని తోలుకురారు. గాలి పడిపోయిన వేళ అడుగునుంచి తడుతున్నట్టు వినబడుతుందని ముసలివాళ్లు చెబితే ఒఫీలియా ఇన్నాళ్లూ తల ఊపి ఊరుకునేది. బోరు కూలీలు నిన్న మధ్యాహ్నం పని ఆపేసి ఒడ్డుకి వచ్చేశారని ఆమెకి పొద్దున్నే తెలిసింది. ఆరో బోరు వేస్తుండగా, పదకొండు మీటర్ల కింద గొట్టం దేనికో తగిలి డొల్లగా మోగిందట. ఒకడు శిలువ గుర్తు వేసుకుని పడవెక్కేశాడు. మిగతావాళ్లు వాడి వెనకే ఎక్కారు. బల్తసార్ వాళ్లని తిట్టలేదు. ఇళ్లకి పొమ్మని చెప్పి, ఒడ్డున దింపి తిరిగొచ్చి, తనొక్కడే గొట్టం పైకి లాగి, అందులో వచ్చిన మట్టిని తీసుకెళ్లాడు.

ఆ మట్టి ఉండాల్సిన చోటు ఒడ్డు మీది రేకుల షెడ్డు. ప్రతి బోరులోంచి తీసిన మట్టికీ ఒక పొడవాటి చెక్కపెట్టె. పైనుంచి కింద వరకు ఏ లోతులో ఏ పొర వచ్చిందో ఆ వరసలోనే పెట్టెలో పడుకోబెడతారు. షెడ్డు తాళంచెవులు ముగ్గురి దగ్గర ఉంటాయి. ఒకటి బల్తసార్‌ది. అది అతని జేబులోనే దొరికింది. మిగతా రెండూ కమిటీకి ఉన్న ఇద్దరు అధ్యక్షులవి. అవతలివైపు మెరిడిత్, ఇవతలివైపు ఊరంతా గౌరవంగా 'డాన్' అని పిలిచే ఎవరార్దో లొసోయా.

ఆరో పెట్టె మూత తీసి ఒఫీలియా మోకాళ్ల మీద కూర్చుంది. ఇసుక, బూడిదరంగు బురద, గులకరాళ్లు. చివరి ముక్క మాత్రం పక్కవాటికంటే కొంచెం పొడిగా ఉంది. వేలితో చిదిపింది. లోపలినుంచి సన్నని గడ్డివేరు ఒకటి వచ్చింది. పచ్చిగా, తెల్లగా, ఇంకా ప్రాణంతో ఉంది.

ఆమె దాన్ని హోల్కోంబ్ అరచేతిలో పెట్టింది. "నది అడుగున, పదకొండు మీటర్ల కింద మొలిచిన గడ్డి. మీ రిపోర్టులో దీన్ని కూడా రాయండి."

అతను చాలాసేపు ఆ వేరుని చూశాడు. మొదటిసారి అతని గొంతులో వెటకారం లేదు. "షెరీఫ్‌కి నేను ఏం చెప్పాలో మెరిడిత్ గారే ఫోన్‌లో చెప్పారు," అన్నాడు నెమ్మదిగా. "అప్పటికి శవాన్ని ఇంకా ఎవరూ చూడలేదు. శవాన్ని మొదట చూసిన జాలరి మాకు కబురు చెప్పింది ఆ తర్వాత." ఆ మాట తన నోటినుంచి వచ్చినందుకు తనే భయపడ్డట్టు, వేరుని ఆమెకి తిరిగిచ్చేసి, మళ్లీ మొహం బిగించుకుని పడవెక్కాడు. ఇది సాక్ష్యం కాదని, అడిగితే తను అనలేదంటానని వెళ్తూ వెళ్తూ చెప్పాడు.

బల్తసార్ బస చేసింది డోన్యా త్రిని ఇంట్లో. ఆవిడ భర్త లేని మనిషి. భర్త పోయిన మనిషి అని మాత్రం ఊళ్లో ఎవరూ అనరు. నలభై నాలుగేళ్ల కిందట, వరద వచ్చిన ఏడాది, పత్తి ఏరడానికి ఉత్తరానికి వెళ్లిన మగవాళ్లలో పందొమ్మిది మంది తిరిగి రాలేదు. వాళ్లని కూలికి తీసుకెళ్లిన గుత్తేదారు మనుషులు వచ్చి, వాళ్లంతా అక్కడ మంచి కూలి చూసుకుని ఉండిపోయారని, కొందరు కాపురాలు కూడా పెట్టేశారని చెప్పారు. ఆ పందొమ్మిది ఇళ్లలోనూ ఆడవాళ్లు ఆ మాటతోనే ముసలివాళ్లయ్యారు.

ఒఫీలియా వెళ్లేసరికి ఆవిడ పెనం మీద గోధుమ రొట్టెలు కాలుస్తోంది. ఇద్దరికి సరిపడా. చావు కబురు ఆవిడకి పొద్దున్నే తెలుసు. అయినా చేతులు అలవాటు మానలేదు. కూర్చోమని, కాఫీ పోసి, అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టింది. నిన్న సాయంత్రం ఇంజనీరు ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు. చేతిరుమాలులో ఏదో చుట్టి పట్టుకున్నాడు. విప్పి చూపించలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. ఆ రోజుల్లో గుత్తేదారు బస్సు ఏ రంగులో ఉండేదని.

"ఏం చెప్పారు?"

"ఆకుపచ్చ అన్నాను. మా ఆయన ఎక్కుతుంటే నేను అక్కడే ఉన్నాను బిడ్డా, ఎలా మర్చిపోతాను. ముదురాకుపచ్చ. కొత్తగా వేశారు, ఆయన చొక్కాకి అంటుకుంటే విసుక్కున్నాడు." ఆవిడ రొట్టె తిప్పింది. "ఎందుకడుగుతున్నావని నేను అడగలేదు. అడిగితే చెప్పేస్తాడేమోనని."

ఆవిడ స్టవ్ ఆపి, చేతులు తుడుచుకుని ఎదురుగా కూర్చుంది.

"నలభై నాలుగేళ్లు తిట్టుకున్నాను ఆయన్ని. పొద్దున లేస్తే తిట్టేదాన్ని, దీపం పెడితే తిట్టేదాన్ని. ఎవత్తెతోనో కులుకుతున్నావు, నీ కాళ్లు విరగ, నీ నోట్లో మన్ను పడ, అని. ఒక్క మాట చెప్పు. ఆయన నోట్లో అప్పటికే మన్ను ఉందా?"

తనకి ఇంకా తెలియదని ఒఫీలియా చెప్పింది. తెలిసిన వెంటనే తనే వచ్చి చెబుతానని మాటిచ్చింది. వీధిలోకి వచ్చాక ఆమెకి అర్థమైంది, ఆ మాట ఇవ్వడానికి ముందే తనకి జవాబు తెలుసని.

డాన్ ఎవరార్దో లొసోయా తోట నది వంపుకి దగ్గర్లోనే ఉంది. మూడేళ్లుగా కమిటీలో వంతెన చోటు గురించి నడిచిన గొడవ ఊరంతటికీ తెలుసు. రెండు ఫర్లాంగుల ఎగువన నది తిన్నగా ఉన్న చోట కట్టాలని మెరిడిత్ పట్టుబట్టాడు. వంపులోనే కట్టాలని ఎవరార్దో మంకుపట్టు పట్టాడు. వంపులో నేల మెత్తన, కట్టుబడి కష్టమని బల్తసార్ కూడా మొదట్లో చెప్పాడు. ముసలాయన వినలేదు. చివరికి దారికి కావాల్సిన తన భూమిని ఊరికే రాసిచ్చి మరీ నెగ్గించుకున్నాడు. ఊళ్లోవాళ్లు అతనికి మతిపోయిందన్నారు.

ఒఫీలియా దారి పొడుగునా ఒక లెక్క వేసుకుంటూ వచ్చింది. నది కింద బస్సు ఉంది. ఆ సంగతి తెలిసినవాడు దాన్ని శాశ్వతంగా కప్పెట్టాలంటే ఏం చేస్తాడు? దాని మీద వంతెన స్తంభం దింపుతాడు. కాంక్రీటు పోయిస్తాడు. తాళంచెవి ఎవరార్దో దగ్గర ఉంది. భూమి ఊరికే ఇచ్చాడు. చనిపోయిన గుత్తేదారు అతని తండ్రే. పడవ ఒక్కటే ఆ లెక్కలో ఇమడలేదు. దాన్ని కావాలని అటు కట్టి ఉండొచ్చు.

ఎవరార్దో అరుగు మీద తోలు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అరవై నాలుగేళ్లకి ఎనభై ఏళ్ల మనిషిలా కనబడ్డాడు. ఆమె కూర్చోకుండానే, నిన్న సాయంత్రం ఎక్కడున్నారని అడిగింది. ఇక్కడే అన్నాడు. ఇంజనీరు వచ్చాడా అంటే, వచ్చాడన్నాడు. రుమాలు విప్పి చూపించాడట. అందులో ఆకుపచ్చ రంగున్న చెక్కముక్క ఒకటి, దానికి తుప్పుపట్టిన మేకు ఒకటి.

"మీరేం చేశారు?"

"దణ్ణం పెట్టాను."

ఆమె అతని మొహం వంక చూసింది. వెక్కిరింత లేదు అందులో.

అతను చెప్పడం మొదలుపెట్టాడు. అప్పటికి తనకి ఇరవై ఏళ్లు. తండ్రి బస్సులో కూలీలకి కాపలా. ఆ ఏడు వరదకి వంతెన తెగిపోయింది. పత్తి అయిపోయింది, పందొమ్మిది మంది ఇళ్లకి పోవాలని గోల. దారిలో ఎవరూ దిగిపోకుండా తలుపుకి బయటనుంచి గడియ పెట్టేవాళ్లు, అది తండ్రి పెట్టిన రివాజు. కిటికీలకి ఊచలు. బస్సు నడిపేవాడు రేవులోంచి దాటించేస్తానన్నాడు. ఎవరార్దో కర్ర పట్టుకుని లోతు చూస్తూ ముందు నడిచాడు. మధ్యలోకి వచ్చాక ముందు చక్రాలు బురదలో దిగిపోయాయి. డ్రైవరు తన వైపు తలుపులోంచి దూకి ఈదుకుంటూ వచ్చేశాడు.

"గడియ నాకు ఈ కుర్చీకీ ఆ స్తంభానికీ ఉన్నంత దూరం. నీళ్లు ఛాతీ దాకా. వెళ్లబోయాను. డ్రైవరు నా చెయ్యి పట్టుకున్నాడు. వదిలించుకోలేనంత గట్టిగా కాదు, అమ్మాయ్. అదే నేను ఎవరికీ చెప్పలేకపోయింది. వదిలించుకోగలిగేవాణ్ణే."

అతను నది వైపు తల తిప్పాడు.

"లోపలినుంచి కొట్టారు," అన్నాడు అతను. "చాలాసేపు కొట్టారు. నీళ్లు కప్పేశాక కూడా. ఆ వరదకే నది ఇలా వంపు తిరిగి బస్సు మీద మట్టి మేట వేసింది. మా నాన్న ఆ కథ అల్లాడు, వాళ్లు అక్కడే ఉండిపోయారని. నేను కాదనలేదు. నాన్న పోయాక చెబుదామనుకున్నాను. ప్రీస్టుకి చెప్పబోయి చర్చి మెట్ల దగ్గరనుంచి వచ్చేశాను. వంతెన సంగతి వచ్చినప్పుడు అనుకున్నాను, నేను చెప్పక్కర్లేదు, తవ్వితే అదే చెబుతుందని."

ఒఫీలియా వేసుకున్న లెక్క మొత్తం తలకిందులైంది. కప్పెట్టడానికి కాదు. బయటపెట్టడానికి. మూడేళ్లు అతను వంపు వంపు అని మొత్తుకున్నది అందుకు.

"అయితే మెరిడిత్ ఎందుకు ఎగువన కట్టాలన్నాడు?" అని అడుగుతుండగానే జవాబు తట్టి ఆమె అతని కుర్చీ చేయి పట్టుకుంది.

"నది దాటిస్తానన్నది వాడే," అన్నాడు ఎవరార్దో. "క్లిఫ్టన్ మెరిడిత్. అప్పుడు మా బస్సు నడిపేవాడు. తర్వాత పెద్దవాడయ్యాడు, కుర్చీ సంపాదించాడు. మూడేళ్లు ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చున్నాం. నేల గట్టిదనం గురించి, లారీల రద్దీ గురించి, సుంకం గదులు ఎక్కడ కట్టాలన్న దాని గురించి దెబ్బలాడుకున్నాం. అందరూ రాసుకునేవాళ్లు. ఆ మాట ఒక్కసారి కూడా మా మధ్య రాలేదు. నేను వంపు అంటే వాడికి తెలుసు ఎందుకంటున్నానో. వాడు ఎగువ అంటే నాకు తెలుసు."

బల్తసార్ తన దగ్గరనుంచి లేస్తూ, రేపు కమిటీ ముందు అంతా పెడతానని, అంతకుముందు రెండో అధ్యక్షుడికి కూడా చెప్పడం మర్యాద అని అన్నాడట. వెళ్లొద్దని తను చెప్పలేదు. ఎందుకు వద్దో చెప్పాల్సి వస్తుంది కాబట్టి.

"ఇది వాంగ్మూలంగా ఇవ్వాలి," అంది ఒఫీలియా. "ఇప్పుడే. నాతో రండి."

అతను తలూపాడు. లేచి టోపీ కోసం చెయ్యి చాచాడు. ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తోట దారిలో గులకరాళ్ల మీద కారు వస్తున్న చప్పుడు.

పొడవాటి తెల్ల కారు. టెక్సస్ నంబరు. అరుగు ముందు ఆగింది. క్లిఫ్టన్ మెరిడిత్ నెమ్మదిగా దిగాడు. తెల్ల జుట్టు, ఇస్త్రీ చేసిన సూటు, ఈ ఎండలో కూడా పైన కోటు. ఒఫీలియాని చూసి ఆశ్చర్యపోయినట్టు లేడు. ఎడమచేత్తో టోపీ తీసి మర్యాదగా తల వంచాడు. కుడిచెయ్యి కోటు జేబులోనే ఉంది, ఆ జేబు బరువుగా కిందికి లాగుతోంది.

ఒఫీలియా చెయ్యి నడుముకున్న పిస్తోలు దగ్గరికి వెళ్లి అక్కడే నిలిచిపోయింది. కారు రెండోవైపు తలుపు తెరుచుకుంది. నల్ల శాలువా కప్పుకుని, చర్చికి బయల్దేరినట్టు జుట్టు దువ్వుకుని, డోన్యా త్రిని దిగింది. దిగి మెరిడిత్ పక్కనే, అతని జేబుకి అడుగు దూరంలో నిలబడింది.

"కోప్పడకు బిడ్డా," అంది ఒఫీలియాతో. ఆవిడ గొంతులో భయం ఏ కోశానా లేదు. "మా ఆయన ఎక్కడున్నాడో ఈయన చూపిస్తానన్నాడు. కారెక్కాను."